నియామక పత్రం లేని అనుభవం: రెజ్యూమెలో మిస్టరీ షాపింగ్, ఫ్రీలాన్స్ పనుల నమోదు

సూరత్‌లో పనికి కొదవ లేదు. చేసిన పనికి కాగితం దొరకడమే అరుదు. లింబాయత్, ఉధనా, పాండేసరా ప్రాంతాలలోని మరమగ్గాల షెడ్లలో కూలిని మీటరు లెక్కన కడతారు. వరాఛా, కతార్‌గామ్‌లలో వజ్రాలకు సానపట్టే వారికి ముక్క లెక్కన చెల్లిస్తారు. రింగ్ రోడ్డు వస్త్ర మార్కెట్ల నుంచి ఇళ్లకు వచ్చే చీరలకు రాళ్లు, అద్దాలు అతికించి, దారాలు కత్తిరించి, మడతపెట్టే మహిళలకు చీర లెక్కన డబ్బు అందుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం నగరపాలక సంస్థ పరిధిలో 44.6 లక్షల మంది నివసించిన ఈ నగరంలో ఏళ్ల తరబడి పనిచేసి కూడా ఒక్క నియామక పత్రం చూడని కుటుంబాలు ఎన్నో ఉన్నాయి.

వాటిలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. కరీంనగర్, వరంగల్, నల్గొండ తదితర ప్రాంతాల నుంచి నేత కార్మికులు గత శతాబ్దంలో సోలాపూర్, భివండి, ముంబైలతో పాటు సూరత్‌కూ తరలివెళ్లారు. వారి పిల్లల కోసం సూరత్ నగర ప్రాథమిక శిక్షణ సమితి గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఆంగ్ల మాధ్యమాలతో పాటు తెలుగు మాధ్యమ పాఠశాలలను కూడా నిర్వహిస్తోంది. సాంచాలు నడిపిన తండ్రుల బిడ్డలు ఇప్పుడు డిగ్రీలు పూర్తిచేసి, స్థిరమైన ఉద్యోగం దొరికే వరకు చేతికందిన పని చేస్తున్నారు. ఆన్‌లైన్ విక్రేతల కోసం చీరల ఫొటోలు తీసి వివరాలు రాయడం, కంప్యూటర్‌పై ఎంబ్రాయిడరీ డిజైన్ల పంచింగ్, దుకాణాల లెక్కల నమోదు, తెలుగు రాష్ట్రాల వ్యాపారులతో ఫోన్ సంప్రదింపులు, మార్కెట్ పరిశోధన సంస్థల తరఫున మిస్టరీ షాపింగ్ అటువంటివే.

బ్యాంకులోనో, ఆసుపత్రిలోనో, హైదరాబాద్‌లోని ఒక సంస్థలోనో ఉద్యోగానికి దరఖాస్తు చేసే వేళ చిక్కు ఎదురవుతుంది. అనుభవం అనే గడిలో ఏం రాయాలో తోచక కొందరు దానిని ఖాళీగా వదిలేస్తారు. మరికొందరు లేని సంస్థ పేరు కల్పిస్తారు. మొదటిది చేసిన కష్టాన్ని దాచేస్తుంది. రెండవది అభ్యర్థిపై నమ్మకాన్నే పోగొడుతుంది. ఈ రెండింటికీ మధ్య నిజాయితీ గల మార్గం ఒకటి ఉంది. పనిని దాని సరైన పేరుతో, కాలంతో, పరిమాణంతో, రుజువుతో చూపడమే ఆ మార్గం.

మిస్టరీ షాపింగ్ అంటే

మారువేషంలో నగర సంచారం చేసి ప్రజల కష్టసుఖాలు తెలుసుకున్న రాజుల కథలు తెలుగువారికి కొత్త కాదు. మిస్టరీ షాపింగ్ దానికి వ్యాపార రూపం. ఒక సంస్థ తన దుకాణాలలో సేవలు ఎలా ఉన్నాయో తెలుసుకోవడానికి మార్కెట్ పరిశోధన ఏజెన్సీని నియమిస్తుంది. ఏజెన్సీ పంపిన వ్యక్తి సాధారణ కొనుగోలుదారుగా దుకాణంలోకి వెళ్తాడు. ఎంతసేపు వేచి ఉండవలసి వచ్చింది, సిబ్బంది ఎలా పలకరించారు, ధర సరిగా చెప్పారా, బిల్లు ఇచ్చారా అనే అంశాలను గమనించి నిర్ణీత గడువులో నివేదిక పంపుతాడు. పారితోషికం సందర్శనకు ఇంత అని ఉంటుంది. కొన్న వస్తువు ఖర్చును పలు సందర్భాలలో ఏజెన్సీయే తిరిగి చెల్లిస్తుంది.

ఈ వృత్తిలోని సంస్థల సంఘం ఎంఎస్‌పీఏ అమెరికాలో 1998లో ఏర్పడింది. భారతదేశంలో ప్రభుత్వ వ్యవస్థలకు కూడా ఈ తరహా పరిశీలన తెలుసు. నోట్ల మార్పిడి, నాణేల స్వీకరణ వంటి సేవలను పరీక్షించడానికి రిజర్వు బ్యాంకు అధికారులు గుర్తింపు వెల్లడించకుండా బ్యాంకు శాఖలకు వెళ్లే పద్ధతి ఉంది. రైల్వే విజిలెన్స్ విభాగం టికెట్ కౌంటర్లకు సాధారణ ప్రయాణికుల రూపంలో మనుషులను పంపి తనిఖీలు చేస్తుంది. కనుక మిస్టరీ షాపింగ్‌ను కాలక్షేపంగా భావించి రెజ్యూమె నుంచి తొలగించవలసిన అవసరం లేదు. నిశిత పరిశీలన, జ్ఞాపకశక్తి, నిష్పాక్షికత, గడువుకు కట్టుబడి స్పష్టంగా రాయగలగడం దానికి కావలసిన నైపుణ్యాలు.

ఉద్యోగి ఎవరు, స్వతంత్రంగా పనిచేసేవారు ఎవరు

రెజ్యూమెలో మొదట తేల్చుకోవలసింది హోదా. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి, 2020 ప్రకారం సంప్రదాయ యజమాని, ఉద్యోగి సంబంధానికి వెలుపల పనిచేసి సంపాదించే వ్యక్తి గిగ్ వర్కర్. నీతి ఆయోగ్ 2022 జూన్‌లో వెలువరించిన నివేదిక 2020-21లో దేశంలో ఇటువంటి వారు 77 లక్షల మంది ఉన్నారని, 2029-30 నాటికి ఆ సంఖ్య 2.35 కోట్లకు చేరుతుందని అంచనా వేసింది.

మిస్టరీ షాపర్ సాధారణంగా స్వతంత్ర కాంట్రాక్టర్. ఏజెన్సీ పేరు పక్కన “ఉద్యోగి” అని రాయడం సరికాదు. సందర్శించిన దుకాణంలో పనిచేసినట్లు రాయడం మరింత పొరపాటు.

దీనికి భిన్నమైన సందర్భం మరమగ్గాల షెడ్డులో కనిపిస్తుంది. ఒకే యజమాని వద్ద, ఆయన యంత్రంపై, ఆయన నిర్ణయించిన షిఫ్టులో పనిచేసే వ్యక్తికి కూలి మీటరు లెక్కన అందినంత మాత్రాన ఆయన ఫ్రీలాన్సర్ కాడు. చెల్లింపు పద్ధతి వేరు, ఉద్యోగ సంబంధం వేరు. పదిమంది లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థలు ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలని అదే రోజున అమలులోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి నిర్దేశిస్తోంది. ఇటువంటి కార్మికుడు రెజ్యూమెలో “మరమగ్గాల ఆపరేటర్” అనే రాయాలి, నియామక పత్రం కూడా అడిగి తీసుకోవాలి.

నమోదు చేసే విధానం

మిస్టరీ షాపింగ్ అనుభవాన్ని నాలుగు వివరాలతో చూపవచ్చు. హోదా, కాలం, పరిమాణం, ఫలితంగా అందించిన నివేదికల స్వభావం ఆ నాలుగు. ఊహాత్మకమైన ఒక నమూనా ఇలా ఉంటుంది:

“స్వతంత్ర సేవా పరిశీలకురాలు (మిస్టరీ షాపర్), సూరత్. జూన్ 2023 – డిసెంబరు 2024. రెండు మార్కెట్ పరిశోధన ఏజెన్సీల తరఫున బ్యాంకింగ్, ఇంధన, వస్త్ర విక్రయ రంగాలలో 46 సందర్శనలు. ప్రతి సందర్శనపై 24 గంటలలోగా రాతపూర్వక నివేదిక. గుజరాతీ, హిందీ, తెలుగు భాషలలో సంభాషణ.”

ఇందులో “కష్టపడే స్వభావం”, “అంకితభావం” వంటి మాటలు లేవు. 46 సందర్శనలు, 24 గంటల గడువు అనే అంకెలే ఆ గుణాలను చెబుతాయి. అంకె కచ్చితంగా గుర్తులేకపోతే తక్కువ వైపుకే రాయడం క్షేమం. ఇంటర్వ్యూలో అడిగితే ప్రతి అంకెకూ సమాధానం చెప్పగలగాలి.

దరఖాస్తు చేసే ఉద్యోగాన్ని బట్టి ఈ అంశం స్థానం మారుతుంది. కస్టమర్ సేవ, నాణ్యత తనిఖీ, ఆడిట్, రిటైల్ నిర్వహణ ఉద్యోగాలకు దీనిని అనుభవ విభాగంలో ముందుంచవచ్చు. సంబంధం లేని ఉద్యోగానికి “ఇతర అనుభవం” కింద ఒక వాక్యం చాలు. రెండు మూడు సందర్శనలు మాత్రమే చేసినవారు దానిని వృత్తిగా చూపకపోవడం మేలు.

గోప్యత హద్దు

మిస్టరీ షాపర్లు సాధారణంగా గోప్యతా ఒప్పందంపై సంతకం చేస్తారు. పరిశీలించిన బ్రాండ్ల పేర్లు, శాఖల చిరునామాలు, వచ్చిన మార్కులు రెజ్యూమెలో రాస్తే ఒప్పందాన్ని ఉల్లంఘించినట్లవుతుంది. రంగం పేరు చెప్పవచ్చు, దుకాణం పేరు చెప్పకూడదు. ఏజెన్సీ పేరును కూడా ఒప్పందం అనుమతిస్తేనే రాయాలి. అనుమానం ఉంటే ఏజెన్సీకి లేఖ రాసి అనుమతి తీసుకోవడం ఉత్తమం.

ఇంటర్వ్యూలో పేర్లు అడిగినప్పుడు “ఒప్పందం ప్రకారం ఆ వివరాలు వెల్లడించలేను, పని విధానం వివరించగలను” అని మర్యాదగా చెప్పడం అభ్యర్థికి నష్టం కలిగించదు. రేపు తమ రహస్యాలను కూడా ఇలాగే కాపాడతారన్న నమ్మకం యజమానికి కలుగుతుంది. అసలు నివేదికలను నమూనాగా చూపడం తగదు. ఊహాజనితమైన దుకాణంపై సొంతంగా ఒక నివేదిక తయారుచేసి దగ్గర ఉంచుకోవచ్చు. పరిశీలనకు గురైన ఉద్యోగుల పేర్లు ఎక్కడా బయటపెట్టకూడదు. ఆ ఉద్యోగుల బతుకుతెరువూ ఈ పనితో ముడిపడి ఉంటుంది.

చిన్న పనులను ఒక గొడుగు కిందికి

మూడేళ్లలో ఇరవై మంది వద్ద చేసిన పనులను ఇరవై అంశాలుగా రాస్తే నిలకడ లేని మనిషన్న భావన కలుగుతుంది. వాటన్నిటినీ “స్వతంత్ర వృత్తి, 2021–2024” వంటి ఒకే శీర్షిక కింద చేర్చి, పని రకాలను బట్టి విభజించడం మంచిది. చీరల క్యాటలాగ్ తయారీ ఒక వరుస, డిజైన్ పంచింగ్ మరొక వరుస, అనువాదం ఇంకొక వరుస. ఒక్కొక్క దానికీ ఎంత పని, ఏ సాఫ్ట్‌వేర్, ఎంత గడువు అనే వివరాలు జోడించాలి. ఎక్కువ కాలం పని ఇచ్చిన ఒకరిద్దరి పేర్లను వారి అనుమతితో ప్రస్తావించవచ్చు.

ఇళ్లలో చీరల పని చేసిన మహిళలు కూడా తమ అనుభవాన్ని రాసుకోవచ్చు. రోజుకు సగటున ఎన్ని చీరలు పూర్తిచేశారు, ఎన్నేళ్లుగా చేస్తున్నారు, ఇరుగుపొరుగు వారికి పని పంచి లెక్క చూశారా అనే వివరాలు గార్మెంట్ యూనిట్‌లో సూపర్‌వైజర్ ఉద్యోగానికి విలువైనవే.

సూరత్ తెలుగువారు తరచు మరచిపోయే అర్హత భాష. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, మార్కెట్‌లో గుజరాతీ మాట్లాడే యువత తెలుగు రాష్ట్రాలకు సరుకు పంపే వ్యాపారులకు అవసరమైన వారు. ఏ భాషలో చదవగలరు, రాయగలరు, మాట్లాడగలరు అన్నది విడివిడిగా నమోదు చేయాలి.

రుజువులు భద్రపరచడం

నియామక పత్రం లేని పనికి ఇతర పత్రాలే సాక్ష్యం. పని అప్పగించిన ఈమెయిళ్లు, జాబ్ వర్క్ చలాన్లు, బిల్లులు, బ్యాంకు ఖాతాలో జమ వివరాలు నెలవారీగా దాచుకోవాలి. చెల్లింపులో పన్ను కోత జరిగి ఉంటే ఆ వివరం ఆదాయపు పన్ను శాఖ వద్ద అభ్యర్థి పాన్ కింద నమోదవుతుంది. 1961 నాటి చట్టం కింద ఇచ్చిన ఫారం 16ఏ, ఫారం 26ఏఎస్ ఇటువంటివే. ఏ సంస్థ, ఎప్పుడు, ఎంత చెల్లించిందో అవి చూపుతాయి. చిన్న మొత్తాలపై కోత ఉండదు కనుక అక్కడ బ్యాంకు వివరాలే ఆధారం.

2021 ఆగస్టు 26న ప్రారంభమైన ఈ-శ్రమ్ పోర్టల్‌లో నమోదైన అసంగఠిత కార్మికులకు 12 అంకెల సంఖ్య లభిస్తుంది. అది వృత్తి నమోదుకు గుర్తింపే తప్ప అనుభవ ధ్రువపత్రం కాదు. పని నేర్చినా సర్టిఫికెట్ లేని వారికి ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో పూర్వ అభ్యసన గుర్తింపు అనే విభాగం ఉంది. అందులో నైపుణ్యాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇస్తారు.

ఈ రుజువులు అడిగినప్పుడు చూపడానికే. ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా సంఖ్యలను రెజ్యూమెపై ముద్రించడం ప్రమాదకరం.

మోసాల పట్ల జాగ్రత్త

మిస్టరీ షాపర్‌గా చేర్చుకుంటామంటూ ముందుగా రుసుము వసూలు చేసేవారు, మెసేజింగ్ యాప్‌లలో చిన్న టాస్కులు ఇచ్చి మొదట కొంత డబ్బు చెల్లించి, తర్వాత పెద్ద మొత్తం జమ చేయమనేవారు మోసగాళ్లు. పని ఇచ్చేవారు పనివారికి చెల్లించాలి గాని, పనివారి నుంచి తీసుకోకూడదు. నష్టపోయినవారు వెంటనే 1930 సైబర్ నేరాల సహాయ సంఖ్యకు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా తెలియజేస్తే డబ్బును నిలుపుదల చేసే అవకాశం అంత ఎక్కువ. ఇటువంటి టాస్కులను రెజ్యూమెలో అనుభవంగా చూపకూడదు.

డబ్బు తీసుకుని నకిలీ అనుభవ పత్రాలు ఇచ్చేవారి వల్ల ముప్పు మరింత పెద్దది. నియామకానికి ముందు పలు సంస్థలు భవిష్య నిధి ఖాతా చరిత్రను, పాత యజమానులను విచారిస్తాయి. నకిలీ పత్రాన్ని అసలుదిగా చూపడం భారతీయ న్యాయ సంహిత కింద నేరం. దొరికిన ఉద్యోగం పోవడమే కాక, తర్వాతి దరఖాస్తులపైనా ఆ నీడ పడుతుంది.

దరఖాస్తుకు వేదికలు

కేంద్ర కార్మిక శాఖ 2015లో ప్రారంభించిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో, గుజరాత్ ప్రభుత్వ అనుబంధం పోర్టల్‌లో ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. స్వస్థలానికి తిరిగి రావాలనుకునే తెలంగాణ యువతకు ఆ రాష్ట్ర డిజిటల్ ఉపాధి వేదిక డీట్ అందుబాటులో ఉంది. అన్ని చోట్లా ఒకే కాలవివరాలు, ఒకే హోదా ఉండేలా చూసుకోవాలి. ఒక చోట రాసిన తేదీ మరొక చోట మారితే నిజమైన అనుభవం కూడా అనుమానానికి లోనవుతుంది.

తండ్రి ముప్పై ఏళ్లు నేసిన బట్టకు మీటర్ల లెక్క సేఠ్ ఖాతా పుస్తకంలోనే మిగిలింది. కుమార్తె చేసిన పని లెక్క ఆమె దగ్గరే ఉండాలంటే పని పూర్తయిన రోజే తేదీ, పరిమాణం, పని ఇచ్చినవారి వివరం ఒక పుస్తకంలో రాసుకోవడం అవసరం. దరఖాస్తు నాటికి రెజ్యూమె ఆ పుస్తకం నుంచే సిద్ధమవుతుంది.