పిచ్చికుక్క కాటు: కూనూరునుండి మన గడపదాకా

1885లో పారిస్‌లో లూయీ పాశ్చర్, పిచ్చికుక్క కరచిన తొమ్మిదేండ్ల బాలునికి టీకా వేసి రక్షించినాడు. మన దేశంలో 1900లో కసౌలీలోను, 1907లో నీలగిరులలోని కూనూరులోను పాశ్చర్ సంస్థలు వెలసినవి. అప్పటి చోడవరం మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లా గ్రామం. కాటు తిన్నవారికి దగ్గరి సంస్థ కూనూరే. ప్రయాణంలో గడచిన ప్రతిదినమూ రోగానికే లాభం.

1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్, కార్బాలిక్ ఆమ్లంతో రోగబీజాన్ని చంపి టీకా చేసినాడు. అది దూరపు ఆసుపత్రులకు పంపదగినది. అందువల్ల మందే రోగి వద్దకు రాసాగినది. పొట్టమీద పొడిచే ఆ సూదులు 2005 నాటికి ఆగిపోయినవి. నేటి టీకాలు చేతికే వేస్తారు.

అయినా, మనిషిలో రోగలక్షణాలు పొడసూపితే ప్రాణం నిలవడం అత్యంత అరుదు. కనుక కుక్కనూ పిల్లినీ గమనించడమే మొదటి వైద్యం. స్వభావమూ గొంతూ మారడం, చొంగ కారడం, దవడ వేలాడడం గుర్తులు. మీదపడి కరిచేదే కాదు, మూలకు చేరి మౌనంగా పడివున్నదీ పిచ్చిదే కావచ్చును. నీళ్లు త్రాగుతున్నదికదా అని ధైర్యపడరాదు.

కరచినచో గాయాన్ని సబ్బునీటితో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవలెను. పెంపుడు జంతువుకు మూడవ నెలలో టీకా, ఆపై వైద్యుడు చెప్పిన గడువున మరల టీకా వేయించవలెను. ఒకనాడు కూనూరు కొండలెక్కి వెదకిన రక్ష, నేడు పశువుల ఆసుపత్రిలోనే మొదలవుతున్నది.