పీగ్రెప్

పీగ్రెప్ అనునది యునిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టములలో నడుచుచున్న ప్రాసెస్‌లను పేరునుబట్టి వెదకి, వాటి గుర్తింపు సంఖ్యలను చూపు కమాండు. దీని జంట కమాండైన పీకిల్ అదే విధముగా వెదకి, దొరికిన ప్రాసెస్‌లకు సంకేతమును పంపును. ఈ రెండును 1998లో విడుదలైన సొలారిస్ 7తో వచ్చినవి. తరువాత లినక్స్, బీఎస్‌డీల కొరకు వేరుగా తిరిగి వ్రాయబడినవి.

పేరును సరిపోల్చు విధానము

ఇచ్చిన పేరును పీగ్రెప్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌గా తీసుకొనును. అది ప్రాసెస్ పేరులో ఏ భాగమున కనిపించినను సరిపోయినట్లే. ఉదాహరణకు ఎస్‌ఎస్‌హెచ్ అని వెదకినచో ఎస్‌ఎస్‌హెచ్‌డీ కూడ దొరకును. వెదకుట వరకు ఇది చిన్న విషయమే. కాని రూట్ అధికారముతో పీకిల్ వాడునపుడు ఇదే పొరపాటు జరిగినచో, దూరమునుండి ఆ సర్వరుపై పనిచేయుచున్న వారందరి సంబంధము తెగిపోవచ్చును.

ఖచ్చితమైన సరిపోలిక

దీనిని నివారించుటకు -ఎక్స్ అను ఐచ్ఛికము కలదు. ఇది పేరు మొత్తము సరిపోయినపుడే ఫలితమును చూపును. ఇందుకై పేరుకు ముందు టోపీ గుర్తు, చివర డాలరు గుర్తు చేర్చిన చాలదు. నిలువు గీతతో రెండు పేర్లు ఇచ్చినపుడు టోపీ మొదటి పేరుకును, డాలరు రెండవ పేరుకును మాత్రమే వర్తించును. కావున పేర్లను కుండలీకరణములలో ఉంచి, వెలుపల ఆ గుర్తులను చేర్చవలెను. లినక్స్ పీగ్రెప్ ఈ పద్ధతినే అనుసరించును.

15 అక్షరముల పరిమితి

లినక్స్ కెర్నెల్ ప్రాసెస్ పేరులో 15 అక్షరములను మాత్రమే భద్రపరచును. సిస్టమ్‌డీ-జర్నల్‌డీ అను పేరు ఆంగ్లమున అడ్డుగీతతో కలిపి 16 అక్షరములు. చివరి డీ అక్షరము తొలగిపోవుటచే, పూర్తి పేరుతో వెదకినచో ప్రాసెస్ నడుచుచున్నను ఏమియు దొరకదు. అప్పుడు పీగ్రెప్ 1 అను నిష్క్రమణ సంఖ్యను ఇచ్చును. దానిని నమ్మిన స్క్రిప్టు, ప్రాసెస్ ఆగిపోయినదని పొరబడును.

దీనికి రెండు మార్గములు కలవు. మొదటిది, పేరును 15 అక్షరములకు కుదించి -ఎక్స్‌తో వెదకుట. రెండవది, -ఎఫ్ ఐచ్ఛికముతో పూర్తి కమాండు వరుసలో వెదకుట. -ఎఫ్, -ఎక్స్ కలిపి వాడినచో మార్గము, ఆర్గ్యుమెంట్లతో సహా వరుస అంతయు సరిపోవలెను. -ఎఫ్ ఒక్కటే వాడినచో, ఆ పేరుగల ఫైలును తెరచియున్న ఎడిటర్ కూడ దొరకవచ్చును. అందుచేత పీకిల్ వాడుటకు ముందు అవే ఐచ్ఛికములతో పీగ్రెప్ నడిపి, ఫలితమును సరిచూచుకొనుట మంచిది.