శక్కర్‌నగర్ నుంచి స్పానిష్ దాకా: ఒక మాట తిరిగిన దారి, ఒక భాష మాయమైన కథ



"స్పానిష్ నేర్చుకుని ఏం జేస్తరు?" నిజామాబాద్‌లో, బోధన్‌లో డిగ్రీ చదువుకుంటూ ఆన్‌లైన్‌లో మొదటి మెట్టు స్పానిష్ కోర్సులో చేరిన మా కొద్దిమందిని అందరూ అడిగే మాట ఇదే. ఉద్యోగం కోసం అని చెప్తే ఇంట్లో ఊరుకుంటరు. అది అబద్ధం కూడా కాదు. 20 దేశాల్లో అధికార భాష, ఐక్యరాజ్యసమితి ఆరు భాషల్లో ఒకటి, హైదరాబాద్ కంపెనీల్లో ఆ భాష వచ్చినవాళ్లకు పని దొరుకుతది. కానీ ఈ పోస్టు ఉద్యోగం గురించి కాదు. పాఠాల పక్కన చరిత్ర పుస్తకాలు పెట్టుకుని చదివితే మాకు దొరికినవి రెండు సంగతులు. ఒకటి మన బోధన్ చెరకుది, ఇంకొకటి మన గోర్‌బోలిది. రెండోదే మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టింది.

ముందు చెరకు సంగతి. బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ కట్టింది 1937లో. మంజీర మీద నిజాంసాగర్ 1931 నాటికి పూర్తయింది, ఆ నీళ్లు కాలువల్లో పారినంక చెరకు పండింది, చెరకు పండినంక మిల్లు వచ్చింది. కోస్తా నుంచి వచ్చి కాలువల కింద భూములు కొన్న రైతుల ఊర్లను ఇప్పటికీ 'క్యాంపు' అనే పిలుస్తం. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర మిల్లు అని మన పెద్దోళ్లు గర్వంగా చెప్పుకునేది దీని గురించే. ఆ మిల్లు చుట్టూ లేచిన కాలనీకి పెట్టిన పేరు శక్కర్‌నగర్.

'శక్కర్' అనేది ఫార్సీ నుంచి ఉర్దూకు వచ్చిన మాట. ఫార్సీకి అది సంస్కృతం 'శర్కర' నుంచి పోయింది. మన తెలుగు 'చక్కెర' కూడా ఆ గింజ నుంచి మొలిచిందే. ఇక్కడి నుంచి ఇరాన్‌కు పోయి 'శకర్' అయింది, అరబ్బుల దగ్గర 'సుక్కర్' అయింది. అరబ్బులు, ఉత్తర ఆఫ్రికా ముస్లింలు 711లో స్పెయిన్‌లో అడుగుపెట్టారు. వాళ్ల పాలనలో స్పెయిన్ దక్షిణ తీరంలో చెరకు తోటలు లేచాయి. చెరకుతో పాటే మాట కూడా నాటుకుంది. అరబ్బీలో మాట ముందు తగిలించే 'అల్' ఇక్కడ 'అస్' అయి, 'అస్సుక్కర్' కాస్తా స్పానిష్‌లో 'అసూకర్' అయింది. స్పెయిన్‌లో చాలాచోట్ల నాలుక పళ్ల మధ్య పెట్టి 'అథూకర్' అంటరు. మా కోర్సులో తిండి సామాన్ల పాఠంలో ఈ మాట వచ్చిన రోజు మాలో బోధన్ వాళ్లకు ఇక అనువాదం అవసరం పడలేదు.

నారింజ కూడా ఇదే తొవ్వన పోయింది, స్పానిష్‌లో 'నరాన్హా'. చదరంగం 'చతురంగ' నుంచి 'షత్రంజ్' అయి, అక్కడ 'అహెద్రేస్' అయి కూర్చుంది. ఇట్లాంటివి ఇంకా మస్తు ఉన్నాయి.

కొలంబస్ 1493లో రెండోసారి బయల్దేరినప్పుడు కానరీ దీవుల నుంచి చెరకు మొక్కలు తీసుకుపోయి కరీబియన్ దీవుల్లో నాటించాడు. అక్కడి ఆదివాసీలు రోగాలకు, వెట్టికి నశించిపోతే, ఆఫ్రికా నుంచి మనుషులను బానిసలుగా తెచ్చి చెరకు నరికించారు. శక్కర్ మాట తియ్యగా ఉంటది గాని అది పోయిన దారిలో రక్తం ఉంది. మన దగ్గరా చెరకు నరికే చేతులు ఎవరివో చూడండి. బోధన్ దాటి మహారాష్ట్రలోకి పోతే, మరాఠ్వాడాలో బీడ్ లాంటి జిల్లాల నుంచి కోయితా పట్టుకుని, పిల్లాపాపలతో ఆరు నెలలు వలసపోయే జంటల్లో బంజారాలు ఎంతోమంది.

చెరకు కోసి ఆడించే కాలాన్ని క్యూబాలో 'సాఫ్రా' అంటరు, మనం 'క్రషింగ్ సీజన్' అన్నట్టు. 2002లో క్యూబా ప్రభుత్వం తన చక్కెర మిల్లుల్లో దాదాపు సగం మూసేసింది. అదే 2002లో మన నిజాం షుగర్స్‌లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబర్‌లో మిల్లే మూతపడింది. మిల్లు మూతపడ్డ ఊరు ఎట్లుంటదో హవానా అవతలి పల్లెవాళ్లకు మనం చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు కోర్సు సంగతి జర చెప్పాలి, అడుగుతున్నవాళ్లు ఉన్నారు కాబట్టి. స్పెయిన్‌లోని వాలెన్సియా పాలిటెక్నిక్ యూనివర్సిటీ 'ఎడ్‌ఎక్స్'లో మొదటి మెట్టు స్పానిష్ పెట్టింది. అమెరికాలో డేవిస్‌లో ఉన్న కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్లది 'కోర్సెరా'లో ఉంది. సర్టిఫికెట్‌కు డబ్బులు కట్టాలి. ఎదురుగా కూర్చుని చదవాలంటే హైదరాబాద్‌లో ఇఫ్లూ ఉంది, 1958లో ఇంగ్లీషు సంస్థగా మొదలై 1972లో విదేశీ భాషలు కలుపుకుని, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. స్పెయిన్ ప్రభుత్వ సంస్థ సెర్వాంతెస్ ఢిల్లీలో ఉంది, అది నడిపే 'దెలె' పరీక్షలో మొదటి మెట్టు పేరు ఏ1.

కష్టమా అంటే, ఇంగ్లీషు కన్నా తేలికే. ఇంగ్లీషు మీడియం వాళ్లు తడబడే చోట మనకు తొవ్వ సాఫుగా ఉంటది. స్పానిష్‌లో అచ్చులు ఐదే, రాసినట్టే పలుకుతరు. వాళ్ల 'త', 'ద' మన త, ద లాగా పళ్లకు తగిలేవే, 'ట', 'డ' కావు. ఇంగ్లీషులో 'ఆమ్' ఒక్కటే ఉన్నచోట స్పానిష్‌లో రెండు మాటలు: 'సోయ్', 'ఎస్తోయ్'. యూట్యూబ్‌లో దీని మీద గంటలకు గంటలు వీడియోలు ఉన్నాయి. తెలుగువాళ్లకు ఒక్క ముక్క చాలు. "నేను విద్యార్థిని" అంటే 'సోయ్', "నేను బోధన్‌లో ఉన్నాను" అంటే 'ఎస్తోయ్'. 'ఉన్నాను' అనే చోట చాలాసార్లు 'ఎస్తోయ్' సరిపోతది. అట్లనే "మె గుస్తా ఎల్ తే" అంటే అచ్చంగా "నాకు టీ ఇష్టం". నేను టీని ఇష్టపడుతున్నాను అని తిప్పి చెప్పే పనిలేదు.

గోర్‌బోలి వచ్చినవాళ్లకు ఇంకో లాభం. తెలుగులో నల్ల గుర్రం మగదైనా ఆడదైనా 'నల్ల'నే. గోర్‌బోలిలో కాళో ఘోడో, కాళి ఘోడి. స్పానిష్‌లోనూ అంతే, గాతో నెగ్రో అంటే నల్ల మగపిల్లి, గాతా నెగ్రా అంటే నల్ల ఆడపిల్లి. మాట మారితే దాని రంగు మాట కూడా మారాలె. తండాలో పెరిగిన పిల్లకు ఈ పాఠం చెప్పాల్సిన పనే లేదు. 'నువ్వు' అనడానికి మనదీ 'తూ', వాళ్లదీ 'తూ'. మన ఏక్, ది, తీన్ వాళ్ల ఊనో, దోస్, త్రేస్‌కు దూరపు చుట్టాలు. గోండి తమ్ముళ్లకు ఈ లెక్క కుదరదు. ఉండి, రండ్, మూంద్, నాలుంగ్ అంటే అది తెలుగుకు అక్క. వాళ్లకు 'మె గుస్తా' తొవ్వ ఉంది.

ఇక్కడి దాకా సంతోషంగానే చదివినం. తర్వాత స్పెయిన్ చరిత్రలో 'హితానో'లు ఎదురయ్యారు.

స్పెయిన్‌లో ఉండే రోమా జనాన్ని హితానోలు అంటరు. రోమాలు సుమారు వెయ్యేళ్ల కింద మన ఉపఖండం నుంచి పడమటికి పోయినవాళ్లు. ఈ మాట వాళ్ల భాషే చెప్పింది. 1782లో యోహాన్ రూడిగర్ అనే జర్మన్ పండితుడు రోమానీ మాటలను హిందుస్తానీ పక్కన పెట్టి పోల్చి, ఇది ఇండియా భాష అని ప్రకటించాడు. లెక్క చూడండి. రోమానీలో యేఖ్, దుయ్, త్రిన్, ష్తార్, పాంజ్, షోవ్, దేష్. గోర్‌బోలిలో ఏక్, ది, తీన్, చార్, పాంచ్, ఛో, దస్. నీళ్లు వాళ్లకూ 'పానీ'యే. మధ్యలో ఏడు, ఎనిమిది, తొమ్మిది మాత్రం రోమానీలో గ్రీకు మాటలు, ఎందుకంటే దారిలో గ్రీకు మాట్లాడే రాజ్యంలో తరాలపాటు ఆగారు. కాగితం మీద చరిత్ర రాసుకోని జనం నడిచిన తొవ్వ వాళ్ల అంకెల్లో దాగి ఉంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. "లంబాడాలే రోమాలు, యూరప్‌కు పోయింది మనోళ్లే" అని సేవాలాల్ జయంతి వచ్చిందంటే వాట్సాప్‌లో మెసేజ్‌లు తిరుగుతయి. భాషాశాస్త్రం అంత దూరం పోదు. రెండూ ఇండో-ఆర్య భాషలు, అందుకే ఈ పోలికలు. మనది రాజస్థానీకి దగ్గర, వాళ్ల పూర్వీకులు అంతకుముందే విడిపోయారు. చుట్టరికం ఉంది, ఒకే ఇల్లు అనలేం. అయినా ఆ రెండు జనాల మీద రాజ్యాలు పెట్టిన చట్టాలు మాత్రం ఒకే కలంతో రాసినట్టుంటయి.

హితానోలు స్పెయిన్‌లో కనిపించినట్టు మొదటి కాగితం 1425 నాటిది. ఆరగాన్ రాజు ఐదో అల్ఫోన్సో వాళ్ల నాయకుడొకరికి ఇచ్చిన దారి చీటీ అది. మొదట్లో మర్యాదగానే చూశారు. 1499 వచ్చేసరికి రాజ్యం హుకుం ఇచ్చింది: 60 రోజుల్లో ఒకచోట స్థిరపడి యజమాని కింద పని చూసుకోవాలె, లేకపోతే దేశం విడవాలె, దొరికితే కొరడా దెబ్బలు. 1633లో వాళ్ల వేషం, భాష నిషేధించారు, 'హితానో' అనే పేరే వాడొద్దన్నారు. 1749 జులై 30 రాత్రి దేశమంతటా ఒకేసారి దాడులు చేసి సుమారు 9 వేల మందిని పట్టుకున్నారు. మగవాళ్లను నౌకా కర్మాగారాల్లో వెట్టికి, ఆడవాళ్లను, చిన్నపిల్లలను వేరే చోట బందీలుగా పెట్టారు. భార్యాభర్తలను విడదీస్తే జాతే ఆగిపోతదని లెక్క వేశారు. సేవాలాల్ మహారాజ్ పుట్టింది 1739 అని మనం చెప్పుకుంటం, అంటే ఆయన పదేళ్ల పిల్లవాడుగా ఉన్నప్పటి సంగతి ఇది. 1783లో మూడో కార్లోస్ రాజు కొంచెం మెత్తబడి, ఏ పని అయినా చేసుకోవచ్చు, కానీ మీ భాష, మీ బట్టలు, మీ తిరుగుడు మానాలె అన్నాడు.

మన దిక్కు చూస్తే, ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు, చక్కెర మోసి లదేణి చేసిన బంజారాలు మొగలు సైన్యాలకు దక్కన్‌లో తిండి అందించినవాళ్లు. రోడ్లు, రైళ్లు వచ్చినంక ఆ బతుకు పోయింది. పోయినంక తిరిగేవాడు దొంగ అన్నారు. 1871లో బ్రిటిష్ వాళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు, కొన్ని ప్రాంతాల్లో లంబాడాలను కూడా ఆ జాబితాలో ఎక్కించారు. అది 1952 ఆగస్టు 31న గాని రద్దు కాలేదు. తెలంగాణలో లంబాడాలు ఎస్టీ జాబితాలోకి వచ్చింది 1976 చట్టంతో.

మరి హితానోల భాష ఏమైంది? స్పెయిన్‌లో మిగిలింది 'కాలో' అనే మాట తీరు. దాని వ్యాకరణం మొత్తం స్పానిష్. క్రియల తోకలు స్పానిష్, వాక్యం అల్లిక స్పానిష్, నడుమ నడుమ కొన్ని రోమానీ మాటలు మాత్రం మిగిలాయి. నీళ్లకు 'పాన్యీ' ఉంది, ఆ నీళ్లు తాగినం అని చెప్పే పాత వాక్యం లేదు. స్పెయిన్ పిల్లలు రోజూ 'చవాల్' అంటరు, అంటే పోరడు. అది కాలో నుంచి వచ్చిందని చాలామందికి తెలియకపోవచ్చు.

ఇది చదివి మేము మా మాటలు మేమే విన్నం. హాస్టల్ నుంచి పండగకు తండాకు పోయిన తమ్ముడు "యాడీ, నాకు అన్నం పెట్టు" అంటడు. 'యాడీ' ఒక్కటే గోర్‌బోలి, మిగతా వాక్యం తెలుగు. కాలో తీరు కూడా ఇట్లాంటిదే. మనకు ఏ రాజూ భాష మానమని హుకుం ఇవ్వలేదు. నిజాం రాజ్యంలో 1884 దాకా ఫార్సీ, తర్వాత ఉర్దూ, ఇప్పుడు తెలుగు, ఇంగ్లీషు. ఆఫీసుకు, బడికి, మిల్లు గేటుకు ఏది కావాలంటే అది మనోళ్లు నేర్చుకున్నారు. ఇన్నేళ్లూ గోర్‌బోలి ఇంట్లో ఉండేది. ఇప్పుడు ఇంట్లోంచే పోతున్నది.

స్పానిష్ పక్కన అన్ని భాషలూ కాలో లాగా కాలేదు. పరాగ్వేలో ఆదివాసుల గ్వారానీ 1992 రాజ్యాంగంతో స్పానిష్‌తో సమానంగా అధికార భాష అయింది, ఆదివాసులు కానివాళ్లు కూడా అక్కడ దాన్ని మాట్లాడుతరు. పెరూలో 1975లోనే కెచువాకు అధికార హోదా ఇచ్చారు, అది కాగితం మీద ఉన్నంత ఆఫీసుల్లో అమలు కాలేదు. హోదా ఒక్కటే భాషను కాపాడదు, గ్వారానీ ఇండ్లల్లో బతికింది కాబట్టి రాజ్యాంగం దాకా పోయింది.

అందుకే మేము స్పానిష్ నోట్‌బుక్‌లో ఒక గీత ఎక్కువ గీసినం. ఒక వరుస స్పానిష్, ఒక వరుస తెలుగు, ఒక వరుస గోర్‌బోలి, తెలుగు లిపిలోనే. కుటుంబం పాఠంలో మన వరుసే గెలిచింది. వాళ్లకు నాయన తమ్ముడైనా, తల్లి తమ్ముడైనా 'తీయో' ఒక్కటే, మనకు కాకా వేరు, మామా వేరు. రంగులు, అంకెలు, ఇంట్లో మాటలు నిండినయి. పనులు, సామాన్ల పాఠం దగ్గర మూడో వరుసలో ఖాళీలు పడ్డయి. ఫోన్లు చేసి తండాలో ముసలోళ్లను అడిగితే కొన్ని దొరికినయి, కొన్నింటికి వాళ్లు కూడా ఆగి ఆలోచించి, "మా తాత ఏదో అనేటోడు" అన్నారు.

ఇంకా దొరకనివి ఇవి: లదేణిలో ఎద్దు వీపు మీద వేసే సంచి, దాన్ని బిగించే తాడు, మందకు ముందు నడిచే ఎద్దు, రాత్రికి తండా దిగే చోటు. సిరికొండ, ఇందల్వాయి, వర్ని వైపు తండాల్లో ఎవరి ఇంట్లోనైనా ఈ మాటలు తెలిసిన తాతలు, నాయనమ్మలు ఉంటే అడిగి, వాళ్లు పలికినట్టే రాసి పంపండి, ఏ తండాలో అట్లా అంటరో కూడా రాయండి.