అప్పుతో పాటు అంటగట్టిన బీమా: రుణగ్రహీత తన కాగితాలు తాను చూసుకునే హక్కు

బ్యాంకు అప్పుతో పాటు బీమా పాలసీ కూడా అంటగట్టిందన్న ఫిర్యాదు వచ్చినప్పుడు చర్చంతా ప్రీమియం చుట్టూ తిరుగుతుంది. ఎంత పట్టుకున్నారు, తిరిగి ఇస్తారా ఇవ్వరా అన్న దగ్గరే ఆగిపోతుంది. కానీ పాలసీ తప్పనిసరి అని బ్యాంకు చెప్పిందా, రుణగ్రహీత తెలిసి ఒప్పుకున్నాడా, ఏ కాగితం మీద ఏ భాషలో ఒప్పుకున్నాడు అన్నవి తేలకుండా ఆ ప్రశ్నకు జవాబు దొరకదు. వాటిని తేల్చే కాగితాలన్నీ బ్యాంకు బీరువాలోనో, బీమా సంస్థ కంప్యూటర్లోనో ఉంటాయి. ఫిర్యాదు చేయవలసినవాడి చేతిలో పాసుబుక్కులో పడిన ఒక వరుస తప్ప మరేమీ ఉండదు. రుణగ్రహీత తన రుణపు ఫైలు పూర్తి ప్రతిని, కారణం చెప్పనక్కర లేకుండా, అప్పిచ్చినవారెవరైనా సరే అడిగి తీసుకునే హక్కు మన చట్టంలో ఒక్కచోట స్పష్టంగా లేదనీ, ముక్కలు ముక్కలుగా ఉన్నది చాలదనీ ఈ వ్యాసం వాదిస్తుంది.

వాదనను నేల మీద నిలబెట్టి చూడడానికి జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతం అనువైనది. జగ్గయ్యపేట మండలంలోని వేదాద్రి కృష్ణ ఒడ్డున ఉన్న నారసింహ క్షేత్రం. నది కనుచూపు మేరలోనే ఉన్నా చుట్టుపక్కల భూమి మెట్ట. ఎత్తిపోతల నీరు, బోరు, వాన, వీటి మీదే సేద్యం. 2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లాలో కలిసేదాకా ఇది కృష్ణా జిల్లాలోదే అయినా, ఆ పాత జిల్లా డెల్టాకూ దీనికీ పంటలోనూ అప్పులోనూ పోలిక లేదు. ఇక్కడ మిర్చి, పత్తి వేస్తారు. మిర్చికి పెట్టుబడి ముందే పెట్టాలి కాబట్టి అప్పు ముందే పుట్టాలి. అందుకే ఇలాంటి ఊళ్లలో ఒకే ఇంట్లో నాలుగు రకాల అప్పులుండడం వింత కాదు: సొసైటీలో పంట రుణం, గ్రామీణ బ్యాంకులోనో ప్రభుత్వ బ్యాంకులోనో ఇంటి లోను, ప్రైవేటు సంస్థలో బంగారం తాకట్టు, ఇల్లాలి పేరున గ్రూపు లోను. నాలుగింటికీ ఏదో ఒక రూపంలో బీమా తగులుకోవచ్చు. ఆ ఇంటివారు 'మా సంతకం ఉన్న కాగితం చూపించండి' అని నాలుగు చోట్లా అడిగితే చట్టం ఇచ్చే జవాబులు నాలుగు రకాలు.

బీమా తప్పనిసరి అన్న మాటను ఈ ప్రాంతపు రైతు ఎందుకు అంత తేలిగ్గా నమ్ముతాడో ముందు గ్రహించాలి. 1985లో వచ్చిన సమగ్ర పంటల బీమా పథకం నుంచి పంట రుణం తీసుకున్నవాడికి బీమా నిజంగానే తప్పనిసరి అయింది. 1999లో మొదలైన జాతీయ వ్యవసాయ బీమా పథకమూ, 2016 నాటి ఫసల్ బీమా యోజనా అదే పద్ధతి పాటించాయి. 2020 ఖరీఫ్ నుంచి మాత్రమే రుణం తీసుకున్న రైతుకు వద్దనే వెసులుబాటు వచ్చింది. రెండు తరాల పాటు ప్రీమియం పట్టుకుని మిగతా డబ్బు చేతిలో పెట్టడం చూసిన రైతుకు, ఇంటి లోను మీద జీవిత బీమా కూడా అదే కోవలోది అనిపిస్తే తప్పు అతనిది కాదు. ఒక చట్టబద్ధమైన కోత నేర్పిన అలవాటు, చట్టం అడగని కోతకు దారి వేసింది. తాకట్టు పెట్టిన ఇంటికి బీమా ఉండాలని బ్యాంకు కోరడం సబబే. కానీ ఫలానా కంపెనీ జీవిత పాలసీ తీసుకుంటేనే అప్పు అనడానికి వీల్లేదు. బ్యాంకు సేవలకూ బీమా కొనుగోలుకూ ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ లంకె ఉండరాదని, ఖాతాదారు చేరిక పూర్తిగా స్వచ్ఛందమని రిజర్వు బ్యాంకు ఆదేశాలు చెబుతున్నాయి. ఈ రెంటి మధ్య తేడా పాసుబుక్కులో కనిపించదు. రెండూ ఒకే పొడి అక్షరాల్లో 'ఇన్సూరెన్స్ ప్రీమియం' అనే పడతాయి.

లెక్క కోసం ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. అయిదు లక్షల ఇంటి లోను మీద ఒకేసారి కట్టే ప్రీమియం 20,000 రూపాయలు అసలులో కలిపేశారనుకుందాం. పది శాతం వడ్డీతో పదిహేనేళ్లకు ఆ ఇరవై వేల మీదే నెలకు దాదాపు 215 రూపాయల వాయిదా పడుతుంది. గడువు ముగిసేసరికి కట్టింది సుమారు 38,700. నెలవారీ వాయిదాలో కలిసిపోయిన ఆ 215ను ఎవరూ విడిగా చూడరు. దీనికి సంబంధించిన ప్రతిపాదన పత్రం సాధారణంగా ఇంగ్లీషులో ఉంటుంది. ఆరోగ్యం బాగుందన్న ప్రకటన, నామినీ పేరు, కింద సంతకం. తెలుగులో సంతకం చేసినా, వేలిముద్ర వేసినా, చివర మరో గడి నింపాలి: ఇందులోని విషయాలు దరఖాస్తుదారుకు అతని భాషలో వివరించామని, అర్థం చేసుకున్నాకే సంతకం చేశాడని వేరొకరు ధ్రువీకరించాలి. నా దృష్టిలో ఫైలు మొత్తంలో అతి విలువైన జాగా ఆ గడే. అది ఖాళీగా ఉందా? పాలసీ అమ్మిన మనిషే సంతకం పెట్టాడా? తేదీ రుణం మంజూరుకు ముందా, తర్వాతా? బృంద పాలసీ అయితే అసలు పాలసీ బ్యాంకు పేరునే ఉంటుంది, రుణగ్రహీతకు రావలసింది సభ్యత్వ ధ్రువపత్రం. అది చేతికే అందకపోతే, వద్దనుకుంటే వెనక్కి ఇచ్చే 30 రోజుల గడువు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో అతనికి తెలిసే దారేది?

ఇక నాలుగు తలుపులు తట్టి చూద్దాం. ప్రభుత్వ బ్యాంకు, గ్రామీణ బ్యాంకు 2005 నాటి సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయి. పది రూపాయల రుసుముతో తెలుగులోనే దరఖాస్తు పెట్టవచ్చు, 30 రోజుల్లో జవాబు రావాలి, ఫైలు తనిఖీ చేసి ధ్రువీకరించిన ప్రతులు తీసుకోవచ్చు. నాలుగింటిలో బలమైన తలుపు ఇదే. సొసైటీ దగ్గరకు వస్తే తలుపు మూసుకుంటుంది. ప్రభుత్వం గణనీయంగా నిధులిస్తే తప్ప సహకార సంఘాలు ఈ చట్టం కిందికి రావని తలప్పాలం కేసులో 2013లో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రైవేటు బ్యాంకుకూ తాకట్టు సంస్థకూ సమాచార హక్కు చట్టం నేరుగా వర్తించదు. గ్రూపు లోను సంగతి వేరు, దాని వెనుక ఈ జిల్లా అనుభవమే ఉంది. 2006 మార్చిలో కృష్ణా జిల్లా యంత్రాంగం రెండు పెద్ద సూక్ష్మరుణ సంస్థల శాఖలను యాభై దాకా మూయించింది. 2010 అక్టోబరులో సూక్ష్మరుణ సంస్థలపై రాష్ట్రమంతటికీ ఆర్డినెన్సు వచ్చింది. మరుసటి జనవరిలో ఈ రంగంపై రిజర్వు బ్యాంకు వేసిన మాలేగాం కమిటీ నివేదిక, ఆ ఏడాది చివర రిజర్వు బ్యాంకు నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం అప్పట్లో సూక్ష్మరుణ సంస్థలు వసూలు చేయదగ్గవి మూడే: వడ్డీ, ప్రాసెసింగ్ రుసుము, అసలు ఖర్చు మేరకు బీమా ప్రీమియం. 2022 నాటి ఆదేశాలు మరో అడుగు వేసి, అప్పు కాని ఏ ఉత్పత్తినైనా రుణగ్రహీత పూర్తి సమ్మతితోనే అమ్మాలని, దాని రుసుము ఆమెకు అర్థమయ్యే భాషలో ఉండే లోన్ కార్డులోనే చూపాలని చెప్పాయి. అంటే కాగితం మీద చూస్తే, ఇంటి లోను తీసుకున్న భర్త కంటే గ్రూపు లోను తీసుకున్న భార్యకే బీమా గురించి ముందుగా తెలియాలి. ఆ నిబంధన ఊరికే రాలేదు, ఈ జిల్లా ఆడవాళ్లు పడిన బాధ దాని వెనుక ఉంది.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఈ నాలుగు తలుపులకూ ఒకే తాళంచెవి ఇస్తుందని చాలామంది ఆశిస్తున్నారు. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. పౌరుడి హక్కుల భాగం 18 నెలల తర్వాతే అమల్లోకి వస్తుంది. కానీ ఆ చట్టం 11వ సెక్షను ఇచ్చేది డేటా సారాంశం, దాన్ని ఎవరెవరితో పంచుకున్నారన్న వివరం. ప్రతి ఇవ్వాలని అందులో లేదు. అదీ సమ్మతి ఆధారంగా తీసుకున్న డేటాకే. అప్పు ఎగ్గొట్టినవారి ఆర్థిక వివరాలు రాబట్టే సందర్భానికి మినహాయింపు కూడా ఉంది. సారాంశంలో పేరు, ఖాతా, పాలసీ సంఖ్య వస్తాయి. ధ్రువీకరణ గడి ఖాళీగా ఉందన్న సంగతి రాదు. పైగా ఇదే చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ను సవరించి, వ్యక్తిగత సమాచారం అన్న ఒక్కమాటతో నిరాకరించే వీలు కల్పించింది. అడిగినవాడి సొంత సమాచారాన్నే 'వ్యక్తిగతం' అంటూ తిరస్కరించే ప్రమాదం ఇప్పుడుంది. ఒకరి గుట్టు మరొకరికి చెప్పకూడదన్న నియమాన్ని, ఎవరి గుట్టు వారికే చెప్పకూడదని చదవడం తర్కానికి నిలవదు.

తర్కం మాత్రమే కాదు, సుప్రీంకోర్టు తీర్పులూ అదే చెబుతున్నాయి. మొదటిది మన రాష్ట్రం నుంచే వెళ్లింది. స్టాంపు చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ ఆసరాగా బ్యాంకుల్లోని కాగితాలను అధికారులు తనిఖీ చేయవచ్చా అన్న వివాదంలో, హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారు, కెనరా బ్యాంకు మధ్య కేసుపై 2004లో తీర్పు వచ్చింది. కాగితం ఖాతాదారు ఇల్లు దాటి బ్యాంకుకు చేరినంత మాత్రాన దాని మీద అతని గోప్యత హక్కు పోదని కోర్టు చెప్పింది. బ్యాంకులో ఉన్నా ఆ కాగితంతో ఖాతాదారుకు అంతటి బంధం ఉందని ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఒప్పుకున్నప్పుడు, అదే కాగితం ముందు అతన్ని పరాయివాడిగా నిలబెట్టడం ఎలా కుదురుతుంది? రెండోది పరీక్షల బోర్డు జవాబు పత్రాల మీద 2011లో వచ్చిన ఆదిత్య బందోపాధ్యాయ కేసు. నమ్మకంతో అప్పగించిన సమాచారమన్న మినహాయింపు బయటివారికి అడ్డు గానీ, ఎవరి మేలు కోసం ఆ నమ్మకం ఏర్పడిందో వారికే అడ్డు కాదని అందులో స్పష్టం చేశారు. ఈ రెండు తీర్పులనూ కలిపి చదివితే సొంత ఫైలు మీద రుణగ్రహీత హక్కుకు పునాది ఇప్పటికే పడి ఉంది. దాని మీద గోడ లేపవలసింది శాసనకర్తలు.

ఆ గోడ లేచిన చోట ఏం జరిగిందో బ్రిటన్ చూపిస్తుంది. అక్కడ అప్పులతో పాటు అమ్మిన చెల్లింపు రక్షణ బీమా మీద ఫిర్యాదులకు 2019 ఆగస్టు 29 ఆఖరు తేదీ. మొత్తం మీద సంస్థలు ప్రజలకు తిరిగి ఇచ్చింది 38 వందల కోట్ల పౌండ్ల పైమాటే. తమకు అలాంటి పాలసీ ఉందో లేదో కూడా తెలియనివారు 1998 నాటి డేటా రక్షణ చట్టం కింద పది పౌండ్లు కట్టి తమ రికార్డులు అడగగలిగారు. 40 రోజుల్లో ఇవ్వాల్సి వచ్చేది. 2018 నుంచి రుసుము కూడా తీసేసి గడువు నెలకు తగ్గించారు. అయితే అక్కడి అనుభవం మరో హెచ్చరిక చేస్తుంది. ప్లెవిన్ అనే రుణగ్రహీత కేసులో 2014లో వచ్చిన తీర్పు ప్రకారం ఆమె కట్టిన ప్రీమియంలో 71.8 శాతం కమీషన్లకే పోయింది, ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. కమీషను రుణగ్రహీత వ్యక్తిగత డేటా కాదని సంస్థలు వాదించగలవు, కానీ అమ్మకం వెనుక ఉన్న ఒత్తిడిని చెప్పే అంకె అదే. మన దగ్గర బ్యాంకులు బీమా అమ్మకాల మీద వచ్చిన ఆదాయాన్ని వార్షిక లెక్కల నోట్స్‌లో మొత్తంగా చూపుతాయి. వాటాదారుకు తెలిసే మొత్తంలో తన వాటా ఎంతో ప్రీమియం కట్టినవాడికి తెలియకపోవడం అన్యాయం.

అభ్యంతరాలు లేకపోలేదు. సిబ్బంది చాలని శాఖల మీద ఇది భారమన్నది మొదటిది. అయితే ఆ భారంలో సగం రిజర్వు బ్యాంకు ఇప్పటికే మోపింది. 2024 అక్టోబరు 1 నుంచి ప్రతి రిటైల్ రుణానికీ ముఖ్యాంశాల పత్రం ఇవ్వాలి, అది రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఉండాలి, బీమా ఖర్చును వార్షిక వ్యయ శాతంలో కలిపి చూపాలి, బీమా లాంటి మూడో పక్షపు వసూళ్లకు రసీదులు, సంబంధిత పత్రాలు అందజేయాలి. రేపటి రుణగ్రహీతకు అడగకుండానే ఇవ్వవలసిన కాగితాన్ని నిన్నటి రుణగ్రహీతకు అడిగితే ఇవ్వడం మోయలేని బరువేమీ కాదు. దొంగ ఫిర్యాదులు పెరుగుతాయన్నది రెండోది. దీనిలో కొంత నిజముంది. బ్రిటన్‌లో ఫిర్యాదులను వ్యాపారంగా మార్చుకున్న కంపెనీలు పుట్టుకొచ్చాయి. కానీ సక్రమంగా నింపిన ఫైలుకు మించి దొంగ ఫిర్యాదును పడగొట్టే సాక్ష్యం బ్యాంకుకు మరొకటి లేదు. ఫైలు చూపించడానికి వెనుకాడవలసింది అది సక్రమంగా లేనప్పుడే.

మూడో అభ్యంతరం బరువైనది. విజయవాడలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పత్రాలు తెప్పించే అధికారం 2019 చట్టమే ఇచ్చింది, 1891 నాటి బ్యాంకర్ల పుస్తకాల సాక్ష్య చట్టం కింద కోర్టు కూడా తనిఖీకి ఆదేశించవచ్చు, మరి కొత్త హక్కు దేనికి అని అడుగుతారు. ఆ అధికారాలన్నీ కేసు వేశాక పనికొచ్చేవి. కేసు వేయాలా వద్దా అని తేల్చుకోవడానికే కాగితం కావాలి. పైగా వినియోగదారుల ఫిర్యాదుకు రెండేళ్లే గడువు. మోసంతో పత్రాన్ని దాచినప్పుడు గడువు అది బయటపడ్డాకే మొదలవుతుందని 1963 నాటి కాలపరిమితి చట్టం 17వ సెక్షను అంటున్నా, మోసం జరిగిందని చూపడానికి మళ్లీ అదే పత్రం కావాలి. ఆలస్యాన్ని మన్నించమని కమిషన్‌ను వేడుకోవడం కంటే, ఆలస్యం జరగకుండా కాగితం ముందే అందడం మేలు.

చివరగా, దాదాపు ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటుంది: కాగితం ఎన్నాళ్లు బతుకుతుంది? కృష్ణా జిల్లాలో కనకదుర్గ గ్రామీణ బ్యాంకు 2006లో సప్తగిరి గ్రామీణ బ్యాంకులో కలిసింది, అది 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. ఒకే రైతు ఒకే అప్పు ఫైలు మూడు బోర్డులు మారిన సందర్భాలుంటాయి. విలీనంతో బాధ్యత కొత్త బ్యాంకుకు వస్తుంది గానీ, బీమా సంస్థతో పాత బ్యాంకు చేసుకున్న ఒప్పందం, ప్రతిపాదన పత్రం మూలప్రతి ఎక్కడున్నాయో శాఖ మేనేజరుకే తెలియకపోవచ్చు. 1985 నాటి బ్యాంకు రికార్డుల భద్రత నియమాలు కొన్నింటిని అయిదేళ్లు, కొన్నింటిని ఎనిమిదేళ్లు దాచమంటాయి. పదిహేనేళ్ల లోను మొదటి నెలలోనే పట్టుకున్న ప్రీమియం వోచరుకు ఆ లెక్కన వాయిదాలు ఇంకా నడుస్తుండగానే కాలం తీరిపోవచ్చు. అందుకే హక్కుతో పాటు నియమమూ మారాలి. రుణంతో ముడిపడిన బీమాకు చెందిన ప్రతిపాదన పత్రం, భాషా ధ్రువీకరణ, ప్రీమియం వోచరు, కమీషను వివరం భద్రపరచవలసిన కాలాన్ని, డబ్బు పట్టుకున్న రోజు నుంచి కాకుండా రుణం పూర్తిగా తీరిన రోజు నుంచి లెక్కించాలి. సొసైటీ రుణాలకు కూడా అదే లెక్క వర్తించేలా రాష్ట్ర సహకార చట్టం కింద నియమం చేయాలి.