డోంగ్రీ జైలు నుంచి ‘సుధారక్’ దాకా

గోపాల్ గణేశ్ అగర్కర్ 1856లో కరాడ్ దగ్గరి టెంభూ గ్రామంలో ఒక పేద కుటుంబంలో పుట్టాడు. నానా ఇబ్బందులు పడి పుణెలోని దక్కన్ కాలేజీ దాకా చదువుకొచ్చాడు. అక్కడే బాలగంగాధర్ తిలక్‌తో స్నేహం కుదిరింది. సర్కారు కొలువు జోలికి పోకుండా చదువు చెప్పడానికే బతుకు ఇచ్చేయాలని ఇద్దరూ నిశ్చయించుకున్నారు. 1880లో న్యూ ఇంగ్లీష్ స్కూలు, మరుసటి ఏడు మరాఠీలో ‘కేసరి’, ఇంగ్లీషులో ‘మరాఠా’ పత్రికలు వెలిశాయి. కేసరికి తొలి సంపాదకుడు అగర్కర్.

పత్రికలు నిలదొక్కుకోకముందే కొల్హాపూర్ కేసు మీద పడింది. అక్కడి యువ మహారాజును దివాన్ బర్వే హింసిస్తున్నాడని రెండు పత్రికలూ రాశాయి. ఆధారంగా చూపిన ఉత్తరాలు కోర్టులో దొంగవని తేలాయి. సంపాదకులు క్షమాపణ చెప్పుకున్నా శిక్ష తప్పలేదు. అంతకుముందు వీళ్లకు పదివేల రూపాయల జామీను దొరికేలా చూసినవాడు జోతిరావ్ ఫూలే. పుణె బ్రాహ్మణ మేధావుల పత్రికలతో ఆయనకు ఎన్ని విభేదాలున్నా ఆపదలో వెనకాడలేదు.

1882 జూలైలో అగర్కర్, తిలక్ ఇద్దరినీ బొంబాయి డోంగ్రీ జైలుకు పంపారు. నాలుగు నెలల శిక్షలో కొంత తగ్గింపు పోగా 101 రోజులు గడిపారు. ఒకే గదిలో ఉండేవారు. దేశస్థితి గురించీ, తాము చేయాల్సిన పని గురించీ రాత్రి పొద్దుపోయేదాకా వాదించుకునేవారు. గొంతులు పెరిగిపోయి పహరావాళ్లు వచ్చి మందలించిన సందర్భాలున్నాయి. ఆ జైల్లోనే అగర్కర్ షేక్‌స్పియర్ ‘హామ్లెట్’ను ‘వికార విలసిత’ పేరుతో మరాఠీలోకి తెచ్చాడు. అది 1883లో అచ్చయింది. జైలు అనుభవాలను ‘డోంగ్రీ జైల్లో మా నూటొక్క రోజులు’ అనే అర్థం వచ్చే పేరుతో పుస్తకం చేశాడు. శిక్ష పడ్డ సంపాదకుడు వీరగాథ రాసుకోవడం తేలిక. ఆయన మాత్రం జైలు తిండి, గది, రోజువారీ నడవడి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ నిజాయితీయే పుస్తకానికి ప్రాణం.

అక్టోబరు 26న విడుదలైనప్పుడు జనం ఘనస్వాగతం పలికారు. 1884లో దక్కన్ ఎడ్యుకేషన్ సొసైటీ, ఆ మరుసటేడు ఫెర్గూసన్ కాలేజీ ఏర్పడ్డాయి. అయితే స్నేహం మాత్రం సన్నగిల్లుతూ వచ్చింది. సంఘం మారాలి, అవసరమైతే చట్టం సాయంతోనైనా అనేది అగర్కర్ పట్టు. స్వరాజ్యం రాకముందు పరాయి ప్రభుత్వం మన ఇళ్లలోకి రాకూడదన్నది తిలక్ వాదం. 1887లో కేసరిని వదిలిన అగర్కర్ 1888లో ‘సుధారక్’ పెట్టాడు. దాని ఇంగ్లీషు భాగం గోపాలకృష్ణ గోఖలే చూసుకున్నాడు. బాల్యవివాహాలు, వితంతువుల దుస్థితి, అంటరానితనం మీద అగర్కర్ రాసిన వ్యాసాలు పుణెను కుదిపేశాయి. అమ్మాయిల సమ్మతి వయసును పదేళ్ల నుంచి పన్నెండుకు పెంచిన 1891 చట్టాన్ని ఆయన సమర్థించాడు, తిలక్ వ్యతిరేకించాడు. ఛాందసులు బతికున్న అగర్కర్‌కే శవయాత్ర తీశారు. ఆయన వెనక్కి తగ్గలేదు.

1892లో ఫెర్గూసన్ కాలేజీ ప్రిన్సిపాలయ్యాడు. ఉబ్బసంతో బాధపడుతూనే పాఠాలు చెప్పాడు, పత్రిక నడిపాడు. 1895 జూన్ 17న, నలభై నిండకముందే కన్నుమూశాడు. తిలక్ తొలి జైలుశిక్ష గురించి రాసే జీవితచరిత్రకారులకు ఈనాటికీ ముఖ్య ఆధారం అగర్కర్ రాసిన ఆ నూటొక్క రోజుల పుస్తకమే.