కొర్నారో పన్నెండు ఔన్సులు

ఇటలీలోని పాడువా నగరంలో 16వ శతాబ్దంలో అల్విసె కొర్నారో అనే సంపన్నుడు ఉండేవాడు. లుయీజీ కొర్నారో అన్న పేరుతోనే అతడు లోకానికి ఎక్కువ పరిచితుడు. చిత్తడి నేలలను ఎండగట్టి సాగులోకి తెచ్చిన దక్షుడు. కాని యౌవనంలో అతనికి విందుకూ మద్యానికీ హద్దన్నది తెలియదు. ఫలితం ముప్పది అయిదు దాటేసరికి బయటపడింది. కడుపునొప్పి, పక్కపోటు, గౌట్ అనే కీళ్ల జబ్బు, విడువని సన్నజ్వరం, తీరని దాహం ఒకదానివెంట ఒకటి చుట్టుకొన్నవి. మందులేవీ పని చేయలేదు. మితంగా, నియమంగా తినడమొక్కటే మిగిలిన మార్గమనీ, జాగు చేస్తే కొద్ది నెలలలో అదీ ఉండదనీ వైద్యులు చెప్పినారు.

ఈ సలహా అతనికి కొత్త కాదు. పథ్యం చేయమని వైద్యులు మొదటినుంచీ చెబుతూనే ఉన్నారు. అతడు మాత్రం ఇష్టమైనవన్నీ తిని, ఆ సంగతి వారికి తెలియనిచ్చేవాడు కాడు. ఈ దాపరికాన్ని తరువాత తానే తన పుస్తకంలో ఒప్పుకొన్నాడు. తిండి యావకు లోబడినవారిలో ఈ లక్షణాన్ని నేటి వైద్యులు కూడా గుర్తిస్తారు. అమెరికా వైద్యుడు థెరాన్ రాండాల్ఫ్ 1956లో ‘ఆహార వ్యసనం’ అనే మాటతో ఒక పత్రం ప్రకటించినాడు. అయితే ఇది నిజంగా వ్యసనమేనా అన్న వాదం ఇంకా తెగలేదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన రుగ్మతల పట్టికలో అదుపు తప్పి తినడానికి చోటు దొరికింది గాని, ఆహార వ్యసనమనే పేరుకు దొరకలేదు.

ప్రాణభయంతో కొర్నారో దారి మార్చినాడు. నాలుకకు రుచించినది కడుపుకు హితమని అక్కడ ఒక సామెత ఉండేది. దానిని పరీక్షించి చూడాలని అతడు నిశ్చయించుకొన్నాడు. మిక్కిలి చల్లని మద్యం, ఖర్బూజా వంటి పండ్లు, చేపలు, పందిమాంసం, పిండివంటలు అన్నీ నాలుకకు ఇంపుగానే ఉన్నవి. కడుపుకు మాత్రం పడలేదు. సామెత తప్పని తేలింది. పడనివి మానుకొన్నాడు, పడినవి కూడా ఇంకా ఆకలి ఉండగానే ఆపి లేచేవాడు. ఏడాది తిరగక ముందే జబ్బులు పోయినవని వ్రాసినాడు.

క్రమేణా అతని కొలత స్థిరపడింది. రొట్టె, గ్రుడ్డులోని పచ్చసొన, మాంసం, సూపు అన్నీ కలిపి రోజుకు 12 ఔన్సులు. ద్రాక్షసారాయి 14 ఔన్సులు. నాటి ఔన్సు ఊరికొక తీరుగా ఉండేది గనుక, ఆహారం సుమారు మూడు, మూడున్నర వందల గ్రాములని అనుకోవచ్చును. ఎదిగే వయసువారికి ఇది ఏమాత్రమూ చాలదు. మితాహారి అనిపించుకొన్నవాని సారాయి లెక్క చూస్తే నేటివారికి వింతగా తోచవచ్చును.

వృద్ధాప్యంలో బంధుమిత్రులు ఊరుకోలేదు. ఈ వయసులో ఇంత తక్కువ తింటే ఎట్లా అని పోరినారు. కాదనలేక అతడు ఆహారం 14, సారాయి 16 ఔన్సులకు పెంచినాడు. పెంచినది చెరి రెండు ఔన్సులే. పది పన్నెండు రోజులకే చిరాకు, దిగులు పట్టుకొన్నవి. ఆపైన పక్కలో పోటు, వెంటనే 35 రోజుల జ్వరం. పాత కొలతకు మళ్లి కోలుకొన్నానని అతని మాట. ఆ రెండు ఔన్సులే జ్వరానికి కారణమనడానికి ఆధారం చాలదు. ఒక్క మనిషి మీద ఒక్కసారి జరిగిన దానిని ప్రయోగమనలేము.

మితజీవనంపై అతని గ్రంథం 1558లో పాడువాలో అచ్చయింది. ఆంగ్ల కవి జార్జి హెర్బర్ట్ చేసిన అనువాదం 1634లో వెలువడింది. అదే పాడువా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన సాంతోరియో తిండిని తూచడంతో తృప్తిపడక, త్రాసుకు కుర్చీ వ్రేలాడగట్టి తననే తూచుకొన్నాడు. తిన్నదానిలో అధికభాగం కంటికి కనిపించని స్వేదరూపంలో పోతుందని 1614లో ప్రకటించినాడు. జీవక్రియల పరిశోధనకు ఇది తొలిమెట్లలో ఒకటి.

కొర్నారో నూరేండ్లు బ్రతికినాడని చాలా పుస్తకాలలో కనిపిస్తుంది. తన వయసును అతడే పెంచి చెప్పుకొన్నట్లున్నది. జననం 1484 ప్రాంతమని నేటి చరిత్రకారులలో పెక్కుమంది అభిప్రాయం. మరణం 1566లో. అనగా సుమారు 82 ఏండ్లు. ఆ కాలానికి అదీ తక్కువేమీ కాదు. జర్మన్ తత్త్వవేత్త నీషే మరొక ఆక్షేపణ తెచ్చినాడు. కొర్నారో కారణాన్నీ కార్యాన్నీ తారుమారు చేసినాడనీ, అతని దేహంలో జీవక్రియ మందంగా సాగడంవల్లనే కొద్ది తిండి సరిపోయిందనీ 1888లో వ్రాసినాడు. ఈ ఆక్షేపణకు సగం జవాబు కొర్నారో గ్రంథంలోనే ఉన్నది. తన జీర్ణకోశం సున్నితమైనది గనుక తాను కొద్దిగా తింటున్నాననీ, కొన్ని పదార్థాలు తనకు పడవు గనుక మానినాననీ, పడేవారు వాటిని మితంగా తినవచ్చుననీ అతడు స్పష్టంగా వ్రాసి ఉంచినాడు.