పాత ఆసిలోస్కోపుల్లో పవర్ సప్లయ్ లోపాల అన్వేషణ

పాత ఎలక్ట్రానిక్ పరీక్షా పరికరాల మరమ్మతులో మొదటి దశ పవర్ సప్లయ్ పరిశీలన. తెరమీద గీత రాకపోయినా, వణుకుతున్నా, కొలతలు తప్పినా అనుమానం ముందు దాని మీదికే పోవాలి. లోపలి సర్క్యూట్లన్నీ దాని మీదే నడుస్తాయి కనుక అక్కడి చిన్న తేడా మరెక్కడో వేరే జబ్బులా బయటపడుతుంది.

అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రంలో పుట్టిన టెక్‌ట్రానిక్స్ సంస్థ 1970ల తొలినాళ్లలో తెచ్చిన 465 ఆసిలోస్కోపు ఇందుకు చక్కని ఉదాహరణ. 100 మెగాహెర్ట్జ్ వరకు పనిచేసే ఈ పరికరంలో +110, +55, +15, +5, −8 వోల్టుల సరఫరాలున్నాయి. వీటిలో +55 పెద్దదిక్కు. మిగతావి దాన్ని ఆధారం చేసుకునే నిలబడతాయి. అది తప్పితే అన్నీ తప్పుతాయి. కాబట్టి మొదట కొలవాల్సింది దాన్నే. అంతకుముందు వాల్వుల కాలపు 545లో ఈ పెద్దరికం −150 వోల్టులది. 5651 అనే గ్యాస్ ట్యూబు దానికి ప్రామాణిక వోల్టేజి ఇస్తుంది.

ఏదైనా సరఫరా పూర్తిగా పడిపోతే షార్టును అనుమానించాలి. కరెంటు తీసేసి, కెపాసిటర్లు డిశ్చార్జి అయ్యాక ఆ లైనుకూ గ్రౌండుకూ మధ్య రెసిస్టెన్స్ కొలిచి, సర్వీస్ మాన్యువల్‌తో పోల్చాలి. 465లో తరచూ పట్టుబడే దొంగ టాంటలం కెపాసిటర్. వయసు మీదపడితే అది షార్టయి లైను మొత్తాన్ని కిందికి లాగేస్తుంది. బోర్డులకు వెళ్లే కనెక్షన్లను ఒక్కొక్కటిగా విడదీస్తూ పోతే, దేన్ని తీశాక రీడింగు పెరిగిందో ఆ శాఖలోనే తప్పుంది.

వోల్టేజి సరిగ్గా ఉన్నా పని ముగిసినట్టు కాదు. మల్టీమీటరు చూపేది సగటు విలువే. రిపుల్ చూడాలంటే మరో ఆసిలోస్కోపు కావాలి. మన 50 హెర్ట్జ్ సరఫరా మీద ఫుల్‌వేవ్ రెక్టిఫైయర్ రిపుల్ 100 హెర్ట్జ్ ఉంటుంది. అది 50కి పడిపోతే బ్రిడ్జిలో ఒక డయోడు తెగిందని అనుమానించాలి. 100 దగ్గరే ఉండి ఎత్తు పెరిగితే ఎండిపోయిన ఎలక్ట్రోలిటిక్ ఫిల్టర్ కెపాసిటరే కారణం కావచ్చు. అప్పుడు రెగ్యులేటర్‌కు చేరే వోల్టేజి పల్లాల్లో చాలినంత ఉండదు. రెగ్యులేటర్ ట్రాన్సిస్టర్ బాగానే ఉన్నా అవుట్‌పుట్ మాత్రం ఊగుతుంది.

ఏళ్ల తరబడి మూలపడిన పరికరాన్ని నేరుగా ప్లగ్గులో పెట్టకుండా సీరీస్ బల్బు ద్వారా నడపడం మేలు. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే ఊరట. ప్రకాశంగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టుంది. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని పెద్ద ఫ్యూజు వేయడం, ఎర్త్ పిన్ను తీసేయడం ప్రమాదకరం. పిక్చర్ ట్యూబు భాగంలో వేల వోల్టులుంటాయి, స్విచ్ ఆపాక కూడా అక్కడ చార్జి మిగిలే ఉండవచ్చు.

మరమ్మతు తర్వాత ఆధార వోల్టేజిని సవరిస్తే వర్టికల్ గెయిన్, స్వీప్ టైమింగ్ రెండూ మారతాయి. అందుకే ఆ రెంటి క్యాలిబ్రేషన్ మళ్లీ చూసుకోనిదే ఆ పరికరం కొలతలను నమ్మకూడదు.